నీడ గోడ కారాదు

పెద్దచెట్టు నీడ బాటసారికి చల్లదనము నిచ్చును. ఆ నీడలోనే నాటిన లేతమొక్క మాత్రము ఎండ దొరకక పాలిపోవును. నీడ ఒక్కటియే, పొందువారిని బట్టి అది మేలును కాగలదు, కీడును కాగలదు. మన నగరములలోని కొన్ని పాఠశాలలలో ఇటీవల ‘షాడో టీచరు’ అను మాట వాడుకలోనికి వచ్చినది. ఆటిజం గల విద్యార్థి ప్రక్కనే కూర్చుండి, పాఠములోను పనులలోను తోడ్పడు సహాయకురాలిని అట్లు పిలుచుచున్నారు. నీడవలె వెన్నంటి యుండునది యని ఆ పేరునకు అర్థము. పెట్టినవారు తలచి పెట్టిరో లేదో గాని, ఆ వృత్తిలోని మేలును, అందలి అపాయమును ఆ ఒక్క మాటలోనే ఇమిడి యున్నవి. ఆ తోడు ఎంతవరకు చల్లని నీడ, ఎక్కడనుండి వెలుతురును అడ్డు గోడ అను ప్రశ్న ఉపాధ్యాయులందరును ఆలోచింపదగినది.

ముందుగా ఆటిజం అననేమో తెలియవలెను. ఇది అంటువ్యాధి కాదు. పెంపకములోని దోషము కాదు. మందుతో పోవు జబ్బును కాదు. మెదడు ఎదుగుదలలో తొలినుండియు ఉండు ఒక భిన్నత. 1943లో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లల నడవడిని వర్ణించుచు ఒక వ్యాసము ప్రకటించెను. మరుసటి సంవత్సరమే వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అను వైద్యుడు దానికి దగ్గరి లక్షణములను, మాటలు బాగుగా వచ్చిన కొందరు బాలురలో వర్ణించెను. ఆ పిమ్మట చాలకాలము, తల్లి ప్రేమ చాలకపోవుటచేతనే పిల్లలు ఇట్లగుదురను దురభిప్రాయము ప్రబలి, ఎందరో తల్లులను నిష్కారణముగా క్షోభపెట్టెను. బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు అట్టి బాలునికి తండ్రి. ఆయన 1964లో వెలువరించిన గ్రంథమున ఆ వాదమును ఖండించి, దీనికి మూలము శరీరధర్మములోనే యున్నదని వాదించెను. శాస్త్రలోకము ఆ పాత అభిప్రాయమును ఏనాడో విడిచినది. మన వీధులలో మాత్రము అది ఇంకను పూర్తిగా నశింపలేదు.

ఆటిజం గల పిల్లలందరును ఒక్క తీరున ఉండరు. ఒకనికి మాటలే రావు. ఒకడు గ్రంథమువలె మాటలాడును. ఒకడు లెక్కలలో తరగతిని మించును. ఒకనికి చొక్కా గుండీలు పెట్టుకొనుటయే కష్టము. ఒక బాలిక ఎవరి జోలికిని పోక మూలను కూర్చుండును. బుద్ధిమంతురాలని అందరును మెచ్చుకొనుటచే ఆమె కష్టము ఎవరి కంటను పడదు. ఇన్ని భేదములున్నను, ఇతరులతో కలిసిమెలిసి మాటలాడుటలోని కష్టము, మార్పు కలిగినపుడు తత్తరపాటు, కొన్నిటిపై మితిమీరిన ఆసక్తి, శబ్దము, వెలుగు, స్పర్శ, వాసన మొదలగువాని విషయమున అసాధారణమైన సున్నితత్వము గాని మందత్వము గాని, ఏదో ఒక పాళ్లలో వీరిలో కనబడును.

మన తరగతి గదిని అట్టి విద్యార్థి చెవులతో ఒకసారి వినవలెను. యాబది గొంతులు ఏకముగా ఎక్కములు వల్లించుచుండును. ప్రక్క తరగతిలో పద్యము సాగుచుండును. పైన ఫంకా కిరకిరలాడును. సుద్దముక్క బోర్డుపై కీచుమనును. ఇంతలో గంట మ్రోగును. ఇతరులు ఈ శబ్దములలో అక్కరలేనివానిని తమకు తెలియకయే వడగట్టి, ఉపాధ్యాయుని కంఠము నొక్కదానినే పట్టుకొందురు. ఆ వడగట్టు నేర్పు ఈ పిల్లలలో పలువురికి తక్కువ. అన్ని శబ్దములును ఒక్క బలముతో వచ్చి మీద పడును. అప్పుడు వాడు చెవులు మూసికొనును, ముందుకు వెనుకకు ఊగును, లేదా బయటికి పరుగెత్తును. చూచువారికి అది అల్లరి. వానికి అది ఆత్మరక్షణము.

భాషలోని చిక్కు మరియొకటి. మన తెలుగు జాతీయములకు నిలయము. “చెవులు ఇటు పడేయండి” అని ఉపాధ్యాయుడనగా తరగతి యంతయు నిశ్శబ్దమగును. ఆటిజం గల బాలుడు చెవులను ఎట్లు పడవేయవలెనో తెలియక విస్తుపోవును. “రెండు నిమిషాల్లో వస్తాను” అని వెళ్లిన ఉపాధ్యాయుడు పది నిమిషములకు వచ్చినచో, రెండవ నిమిషమునుండియు వాడు గోడ గడియారము చూచి కలవరపడుచునే యుండును. “అందరూ పుస్తకాలు తీయండి” అన్నపుడు ఆ ‘అందరూ’లో తానును ఒకడనని వానికి తోచకపోవచ్చును. మొండివాడని, వినడని పేరు వచ్చును. నిజమునకు వాడు అందరికంటెను శ్రద్ధగా, అక్షరార్థముగా వినినవాడు.

విన్న మాటను విన్నట్లే తిరిగి పలుకుట ఈ పిల్లలలో చాలమందికి కల అలవాటు. అది అర్థములేని చిలుకపలుకని పూర్వము తలచెడివారు. 1981లో బారీ ప్రైజంట్, జుడిత్ డ్యూకన్ అను పరిశోధకులు ఆ పలుకులను పరిశీలించి, అవి సంభాషణలో తన వంతు తీర్చుకొనుటకు, ఔనని చెప్పుటకు, అడుగుటకు, తన్ను తాను నిలద్రొక్కుకొనుటకు ఉపయోగపడుచున్నవని చూపిరి. తెలుగు ఇండ్లలో దీనిని సులభముగా గుర్తింపవచ్చును. “నీళ్లు తాగుతావా?” అని తల్లి అడిగినపుడెల్ల నీళ్లు వచ్చును, కావున బాలునికి ఆ వాక్యమంతయు నీళ్లకు పేరైపోవును. తరగతిలో దప్పిక కలిగినపుడు సహాయకురాలి యొద్దకు వచ్చి “నీళ్లు తాగుతావా?” అనును. తెలుగులో కర్తను వదలినను క్రియ చివర పురుషప్రత్యయము నిలుచును గదా. బాలుడు తప్పినది ఆ ఒక్క ప్రత్యయమే. “నాకు వద్దు, నువ్వే తాగు” అని నవ్వునది తెలియని సహాయకురాలు. తెలిసినది “నీళ్లు కావాలి” అని, బాలుడు పలుకవలసిన రీతినే, తాను ఒకమారు పలికి నీళ్లిచ్చును. ‘కావాలి’ అను పదము పురుషమును బట్టి మారదు. నాకును కావాలియే, నీకును కావాలియే. కావున తడబాటు లేదు. భాష తెలిసిన సహాయకురాలు భాషలోనే ఇట్టి సులభమైన దారులను వెదకగలదు. “టీచర్, నువ్వు కూర్చో” అని బాలుడన్నపుడు అది అవిధేయత కాదని, నువ్వు మీరుల భేదము వానికి ఇంకను పట్టుబడలేదని తోటివారికి చెప్పవలసినదియు ఆమెయే.

ఇట్టి సహాయకుల ఏర్పాటు అమెరికాలో విస్తరించుటకు 1975 నాటి చట్టము ముఖ్యకారణము. వైకల్యము గల ప్రతి బాలునికిని ప్రభుత్వ పాఠశాలలో తగిన విద్య ఉచితముగా నీయవలెనని ఆ చట్టము శాసించినది. 1990లో దానిని సవరించినపుడు ఆటిజమును ప్రత్యేక వర్గముగా చేర్చిరి. పిల్లలు సాధారణ తరగతులలోనికి వచ్చిన కొలదియు ఉపాధ్యాయులకు తోడుగా సహాయకుల సంఖ్యయు పెరిగినది. తోడు ఎంత ఎక్కువైన అంత మేలని అందరును తలచిరి.

ఆ తలపును 1997లో ఒక పరిశోధన ప్రశ్నించినది. వెర్మాంట్ విశ్వవిద్యాలయమునకు చెందిన మైకేల్ జియాంగ్రెకో, ఆయన సహచరులు బహువిధ వైకల్యములు గల పిల్లలు చదువు సాధారణ తరగతులను పరిశీలించిరి. సహాయకులు ఎడతెగక ప్రక్కనే అంటిపెట్టుకొని యుండుటచే కలుగు నష్టములను వారు వరుసగా పేర్కొనిరి. తరగతి ఉపాధ్యాయుడు ఆ బాలుడు తన విద్యార్థి యను భావమును కోల్పోవును. బాలుడు తోటివారినుండి వేరుపడును. పెద్దవారిపై ఆధారపడుట అలవాటగును. ప్రక్కన పెద్దవారు ఉండుటచే తోటి పిల్లలు దగ్గరకు రారు. శిక్షణ పొందిన ఉపాధ్యాయుని బోధ వానికి తక్కువగా అందును. తన ఇష్టానిష్టములను తానే చెప్పుకొను అవకాశము పోవును. సహాయకురాలి సౌకర్యమును బట్టి బాలుని స్త్రీల మరుగుదొడ్డికి తీసికొనిపోవుట కూడ ఆ పరిశీలనలో కనబడినది. చిన్న సంగతివలె తోచును గాని, ఒక బాలుని ఆత్మగౌరవము ఇట్టి చిన్న సంగతులలోనే నిలుచును, పోవును.

ఇంగ్లండులో 2003లో ఆరంభమైన మరియొక బృహత్పరిశోధన ఇంకను విస్మయకరమైన ఫలితమును వెల్లడించినది. పీటర్ బ్లాచ్‌ఫర్డ్ మొదలగువారు కొన్నేండ్లు సాగించిన ఆ పరిశీలన ఫలితములు 2009 నాటికి వెలువడినవి. సహాయకుల తోడ్పాటు ఎక్కువగా పొందిన పిల్లలు, తక్కువగా పొందిన వారితో పోల్చినపుడు, చదువులో తక్కువ ప్రగతి సాధించిరి. వారి పూర్వపు మార్కులను, ప్రత్యేకావసరములను లెక్కలోనికి తీసికొన్న పిదపను ఆ తేడా నిలిచియే యుండెను. ఇందులకు పరిశోధకులు సహాయకులను నిందింపలేదు. పాఠమును గూర్చి ఉపాధ్యాయునితో ముందుగా మాటలాడు వ్యవధి వారికి లేదు. తగిన శిక్షణ లేదు. పాఠము అర్థమగుటకంటె పని పూర్తియగుటయే ముఖ్యమని వారు తలచుచుండిరి. బాలుడు చెప్పవలసిన సమాధానమును తామే చెప్పుచుండిరి.

ఈ రెండు పరిశోధనలును విదేశములవి, అన్నియు ఆటిజమునకే పరిమితమైనవి కావు. అయినను మన తరగతిలో వానిని పోల్చి చూచుట కష్టము కాదు. ఆటిజం గల విద్యార్థి నోటుపుస్తకము కొన్ని చోట్ల ముత్యములవంటి అక్షరములతో నిండి యుండును. ఆ అక్షరములు ఎవరివి? చేయి బాలునిది, ఆ చేతిని పట్టి నడిపించిన చేయి వేరొకరిది. తల్లిదండ్రులు సంతోషింతురు, తనిఖీ అధికారి తృప్తిపడును, సంవత్సరము గడచును. మరుసటి ఏడు ఆ సహాయకురాలు రాకున్నచో బాలుడు పుస్తకము సంచిలోనుండి తీయుటకును ఎవరైనను చెప్పువరకు ఎదురుచూచుచు కూర్చుండును. పదవ తరగతి వరకు తోడు పొంది, ఆ పిమ్మట దుకాణమునకు పోయి కావలసిన వస్తువు అడుగలేనివానికి ఆ తోడు చేసిన మేలెంత?

ఇల్లు కట్టునపుడు మేస్త్రీలు గోడ ప్రక్కన పరంజా కట్టుదురు. గోడ లేచిన కొలది దానిని విప్పుదురు. విప్పుట మరచినచో ఆ ఇల్లు ఎన్నటికిని ఇల్లు కాదు. విద్యాబోధనకు ఈ పోలికను 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనువారు ఒక వ్యాసమున వాడిరి. పిల్లవాడు ఒంటరిగా చేయలేని పనిలో, చేయలేని భాగమునకు మాత్రమే పెద్దవారు తోడ్పడవలెనని దాని సారాంశము. తరగతి సహాయకురాలి పనికి ఇంతకంటె తగిన పోలిక దొరకదు.

ఆ పరంజా ఎట్లు కట్టవలెను, ఎట్లు విప్పవలెను? మొదటి పని, దినచర్యను కంటికి కనబడునట్లు చేయుట. మాట పలికినంతనే గాలిలో కలిసిపోవును. బొమ్మ చూచినంతసేపు నిలిచియుండును. ఉత్తర కెరొలైనా విశ్వవిద్యాలయమున ఎరిక్ షాప్లర్ నాయకత్వమున 1972 నుండి ఆ రాష్ట్రమంతటను సాగిన బోధనాపద్ధతికి ఇదియే పునాది. ప్రార్థన, తెలుగు, లెక్కలు, భోజనము, ఆటలు అని ఒక అట్టముక్కపై బొమ్మలుగా గీసి బల్లపై అంటించుటకు పెద్ద ఖర్చు అక్కరలేదు. పూర్తియైన పనికి ఎదురుగా బాలుడే గీత కొట్టును. తరువాత ఏమి జరుగునో తెలిసినచో సగము భయము తీరును. ఆటల పిరియడు రద్దయినపుడు గాని, వేరొక ఉపాధ్యాయుడు వచ్చునపుడు గాని, ఆ సంగతి ఉదయముననే బొమ్మ మార్చి చూపవలెను. ఆకస్మికముగా చెప్పిన మార్పు పెద్దలకును రుచింపదు. ఈ పిల్లలకు అది కాళ్లక్రింది నేల కదలినట్లుండును.

రెండవది, ఓర్పుతో ఆగుట. ప్రశ్న అడిగిన వెంటనే సమాధానము రాకున్న మనము మరల అడుగుదుము. మాటలు మార్చి ఇంకొక రీతిగా అడుగుదుము. మొదటి ప్రశ్ననే లోలోపల అర్థము చేసికొనుచున్న బాలునికి అది రెండవ ప్రశ్నయై, మొదటిది చెదరిపోవును. అడిగి, మనస్సులో పది లెక్కించి, అప్పటికిని రాకున్న అదే ప్రశ్నను అవే మాటలతో మరల అడుగుట మంచిది. సహాయకురాలి విద్యలలో మౌనము మిక్కిలి కష్టమైన విద్య.

మూడవది, తోడ్పాటులో మెట్లు పాటించుట. చేయి పట్టి చేయించుట చివరి మెట్టు. దానికి ముందు తాను చేసి చూపుట. దానికి ముందు మాటతో గుర్తుచేయుట. దానికి ముందు వ్రేలితో చూపుట. దానికిని ముందు బొమ్మవంక ఒక చూపు చూచి ఊరకుండుట. ఈ వారము వ్రేలు చూపిన చోట వచ్చు వారము చూపు చాలవలెను. కుర్చీ కూడ మెల్లగా దూరము జరుగవలెను. మొదట ప్రక్కన, పిదప వెనుక, ఆ తరువాత గది చివర. అట్లని ఒక్కసారిగా విడిచిపెట్టుట తోడ్పాటు కాదు. పరంజా కూలిన గోడయు కూలును. కష్టమైన దినమున ఒక మెట్టు దిగివచ్చుట ఓటమియు కాదు.

నాలుగవది, అడుగుటకు సాధనము కల్పించుట. మాటలు రాని బాలునికి అడుగవలసిన అవసరములు లేవని కాదు. 1985లో డెలవేర్ రాష్ట్రమున ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనువారు ఆరంభించిన పద్ధతిలో బాలుడు తనకు కావలసిన వస్తువు బొమ్మను తీసి ఎదుటివారి చేతికిచ్చి, ఆ వస్తువును పొందును. ఇందలి కీలకము బొమ్మ కాదు. ఇంకొక మనిషి యొద్దకు పోయి అడుగుట. ‘నీళ్లు’, ‘మరుగుదొడ్డి’, ‘చాలు’, ‘సాయం కావాలి’ అను నాలుగు బొమ్మలు చేతికందు చోట నుంచినను తరగతిలోని అనేక కలహములు తప్పును. వీనిలో ‘చాలు’ అనునది ముఖ్యము. చాలునని చెప్పు మార్గము లేనివాడే పుస్తకము విసరివేయును. బొమ్మలు చూపినచో మాటలు రావని కొందరు తల్లిదండ్రులు భయపడుదురు గాని, ఆ భయమునకు ఆధారము లేదు.

ఐదవది, నడవడిని చదువుట. బాలుడు ఏడ్చినను, అరచినను, పారిపోయినను, అంతకుముందు ఏమి జరిగినది, వాడేమి చేసెను, ఆ పిమ్మట ఏమి జరిగినది అని మూడు గళ్లలో వ్రాసికొనవలెను. ఒక బాలుడు దినదినము తెలుగు పిరియడులోనే బయటికి పరుగెత్తుచున్నాడనుకొందము. వానికి తెలుగన్న గిట్టదని ఎవరైనను అందురు. రెండు వారముల వ్రాతను చూచినచో, అదే సమయమున ప్రక్క గదిలో ఎక్కములు వల్లించుచున్నారని తేలవచ్చును. కూర్చుండు చోటు మార్చినచో పద్యము తియ్యగా వినబడవచ్చును. ఊగుట, చేతులాడించుట వంటివి ఎవరికిని హాని చేయనివైనచో మాన్పింపబూనరాదు. అవి వాడు తన్ను తాను కుదుటపరచుకొను ఉపాయములు. కన్నులలోనికి చూచి మాటలాడుమని బలవంతపెట్టరాదు. చూపు నిలుపుమన్నచో కొందరు వినుట మానుదురు. తట్టుకొనలేక పెద్దగా ఏడ్చుచున్నవానికి నీతి చెప్పరాదు. మాటలు తగ్గించి, చుట్టునున్నవారిని దూరము జరిపి, ప్రశాంతమైన చోటు చూపి, ప్రక్కన ఊరక నిలిచిన చాలును. దండనము మాట తలపెట్టనేరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఏ బాలునికిని శారీరక దండనమును గాని మానసిక హింసను గాని అనుమతింపదు.

ఆరవది, అన్నిటికంటె విలువైనది, స్నేహమునకు త్రోవ విడుచుట. ఆటలపిరియడులో ఆటిజం గల బాలుడు సహాయకురాలి చేయి పట్టుకొని మైదానము చుట్టు తిరుగుచుండుట తరచుగా కనబడు దృశ్యము. వాడు క్షేమముగానే యున్నాడు, కాని ఒంటరి. ఆమె చేయవలసినది వానితో ఆడుట కాదు, ఆట కుదిర్చి తప్పుకొనుట. వానికి రైలుబండ్లన్న ఇష్టమైనచో అదే ఇష్టము గల మరియొక బాలుని ప్రక్కన కూర్చుండబెట్టవలెను. పిల్లలెవరైనను “వీడికేం కావాలి?” అని ఆమెను అడిగినచో, “వాణ్ణే అడుగు, కాస్త ఆగి విను” అనవలెను. వాని యెదుట వానిని గూర్చి, వాడు వినలేడన్నట్లు మాటలాడరాదు. మాటలు రానివారిలో ఎందరో వినగలరు, వినిన దానికి నొచ్చుకొనగలరు.

ఇచట విద్యార్థుల పాత్ర పెద్దలకంటె మిన్న. తోటివాని ఊగుటను అనుకరించి నవ్వించుట ఒక క్షణపు వినోదము. దాని గాయము ఎన్నేండ్లో నిలుచును. పేరుపెట్టి పిలుచుట, ఒక్కసారి ఒక్క మాటయే చెప్పుట, సమాధానమునకు ఆగుట, ఆట నియమమును బొమ్మగీసి చూపుట ఇవి పదేండ్ల బాలికయు చేయగల పనులు. పెద్దలు నేర్పిన నూరు మర్యాదలకంటె, “రా, మన జట్టులో నువ్వు” అని ఒక తోటివాడు పిలిచిన పిలుపు ఎక్కువ నేర్పును.

ఉపాధ్యాయుని విషయము వేరుగా చెప్పవలెను. సహాయకురాలు వచ్చినదని ఆ బాలుని ఆమెకు అప్పగించి ఊరకుండుట సులభము. అట్లు చేసిననాడే గోడకు పునాది పడును. తరగతిలో మిక్కిలి జటిలమైన అవసరములు గల విద్యార్థిని, అందరికంటె తక్కువ శిక్షణ, తక్కువ జీతము గలవారి చేతిలో పెట్టుట న్యాయమా? పాఠము చెప్పవలసినది ఉపాధ్యాయుడే. ప్రశ్న అడుగవలసినది, పుస్తకము దిద్దవలసినది, పేరుపెట్టి మెచ్చుకొనవలసినది ఆయనయే. తాను ఆ బాలుని యొద్ద కూర్చున్నంతసేపు సహాయకురాలిని మిగిలిన పిల్లలకు తోడ్పడుమని పంపవచ్చును. అప్పుడామె ఒక్కని నీడ గాక తరగతి అంతటికిని తోడగును. రేపటి పాఠమేదో నేడే ఆమెకు పది నిమిషములు చెప్పినచో, ఇంగ్లండు పరిశోధనలో బయటపడిన లోపములలో పెద్దది తీరును.

మన దేశమున 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు వైకల్యములను పేర్కొన్నది. వానిలో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టము దానికి చోటిచ్చెను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను గుర్తించి, అందు ఆటిజమును చేర్చి, పాఠశాలలు ఇట్టి పిల్లలను వివక్ష లేక చేర్చుకొని, ఒక్కొక్కరికి తగిన తోడ్పాటు నీయవలెనని విధించినది. పరీక్షలో అదనపు కాలము, వ్రాయసకాని సౌకర్యము, రెండవ మూడవ భాషల మినహాయింపు వంటివానికి అందు వీలు కలదు. 1 నుండి 5 తరగతులలో ఇట్టి 10 మందికి, 6 నుండి 8 తరగతులలో 15 మందికి ఒక ప్రత్యేకోపాధ్యాయుడు ఉండవలెనని కేంద్రప్రభుత్వము 2022లో ప్రకటించెను. తెలుగు రాష్ట్రములలో మండలములయందు భవిత కేంద్రములు కలవు. సహిత విద్య ఉపాధ్యాయులు కలరు. అనేకచోట్ల పిల్లల చెంత నిజముగా నిలుచునది ఒక ఆయా. నగరములలోని ప్రైవేటు పాఠశాలలలో సహాయకురాలి జీతము తరచుగా తల్లిదండ్రులపైననే పడుచున్నది. ఇచ్చుకోగలవానికి తోడు, ఇచ్చుకోలేనివానికి ఇంటిమూల అను స్థితి చట్టము కోరిన స్థితి కాదు.

ఆయా యని పిలువబడినను, షాడో టీచరని పిలువబడినను ఆమె చేయునది విద్యాకార్యమే. ఆమెకు శిక్షణ నీయక, ఉపాధ్యాయుల సమావేశమున కుర్చీ వేయక, బాలుడు ఎదుగలేదని ఆమెను నిందించుట తగదు. బాలుడు ఎట్టి శబ్దమునకు బెదరునో, ఏ బొమ్మకు నవ్వునో, ఏ గంటకు అలసిపోవునో ఆమె యెరిగినంత ఇతరులెరుగరు. ఆ యెరుకను నాలుగు పంక్తులలో వ్రాసి ఉంచినచో, మరుసటి సంవత్సరము వచ్చువారు మొదటినుండి తడుముకొనవలసిన పని యుండదు.

వేసవి సెలవుల పిదప బడులు తెరచునపుడు, తన తరగతిలో ఇట్టి విద్యార్థి గల ప్రతి ఉపాధ్యాయుడును కొన్ని ప్రశ్నలు వేసికొనవచ్చును. గతవారము ఆ బాలుని నేను స్వయముగా ఎన్నిసార్లు పేరుపెట్టి పిలిచితిని? వాని నోటుపుస్తకములో వాడే వ్రాసిన పంక్తి యెన్ని? భోజనవేళ వాని ప్రక్కన కూర్చున్నది తోటివాడా, పెద్దవారా? సహాయకురాలు ఒకనాడు సెలవు పెట్టినచో వాడు ఏయే పనులు తానై చేసికొనగలడు? ఈ చివరి ప్రశ్నకు సమాధానము జూన్‌లో రెండు పనులై, మార్చి నాటికి ఐదు పనులైనచో ఆ సహాయకురాలు తన వృత్తిలో ఉత్తీర్ణురాలైనట్లే. వంకర టింకరగా నైనను, తన చేతితో తానే వ్రాసిన పేరు ఆ బాలుని పుస్తకముపై నున్నచో, ముత్యములవంటి పరాయి అక్షరములకంటె దానికే ఎక్కువ మార్కులు వేయవలెను.